తల్లిని చూపించగలరా?

*జాతి కుక్కపిల్ల కొనేవారు ధర అడుగుతారు, రంగు అడుగుతారు, 'పేపర్లు' అడుగుతారు. అడగవలసిన మొదటి ప్రశ్న మాత్రం అడగకుండానే ఇంటికి తెచ్చుకుంటారు.*

సెలవు రోజు సాయంత్రం నగరాలలోని పెంపుడు జంతువుల దుకాణాల ముందు కార్లు ఆగుతాయి. అద్దాల అర వెనుక కాగితపు ముక్కల మీద ఒకదానిపై ఒకటి పడి నిద్రపోతున్న లాబ్రడార్, బీగిల్, షిట్జూ పిల్లలను చూసి బడి పిల్లలు అద్దానికి ముఖాలు ఆనిస్తారు, తండ్రి బేరమాడతాడు, దుకాణదారుడు వయసు 'నలభై రోజులు' అని చెప్పి పిల్లను చేతికి అందిస్తాడు, టీకాల కార్డు తెరిచి చూసేలోపే ఇంటిల్లిపాదీ దానికొక పేరు ఖాయం చేసేస్తారు. ఈ సందడిలో కనిపించనిది ఆ పిల్ల తల్లి. అది ఏ ఊళ్లో ఉందో, ఎన్నో ఈతలో ఈ పిల్లను కన్నదో, దాని కీళ్లు, గుండె, స్వభావం ఎలాంటివో చాలా సందర్భాలలో అమ్మేవారికి తెలియదు, కొనేవారు అడగరు.

పాడిని చూసి బర్రెను, తల్లిని చూసి పిల్లను ఎంచుకోవాలన్న సామెత పుట్టిన నేల ఇది. ఒంగోలు గిత్తను కొనే రైతు దాని తల్లి పాడినీ, తండ్రి మూపురాన్నీ, కాళ్ల నిలకడనూ తరచి తెలుసుకోనిదే బయానా ఇవ్వడు. అదే కుటుంబం నుంచి నగరానికి వచ్చిన తరం వేలకు వేలు పోసి కుక్కపిల్లను కొనేటప్పుడు ఆ విచక్షణను ఊళ్లోనే వదిలి వచ్చినట్టు ప్రవర్తిస్తుండడం విచిత్రమే.

కుక్కల గురించి దేశంలో ఇటీవల జరిగినంత చర్చ మునుపెన్నడూ జరగలేదు. 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ పిట్‌బుల్, రాట్‌వీలర్ వంటి 23 జాతులను ప్రమాదకరమైనవిగా పేర్కొంటూ, వాటి అమ్మకానికీ పెంపకానికీ అనుమతులు ఇవ్వవద్దని రాష్ట్రాలకు లేఖ రాసింది. నెల తిరగకుండానే ఏప్రిల్ 10న కర్ణాటక హైకోర్టు దానిని కొట్టివేసింది. మరుసటి ఏడాది వీధికుక్కల విషయంలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు ప్రతి ఇంటా వాదోపవాదాలకు దారితీశాయి. ఏ జాతి ఉండాలి, ఏది ఉండకూడదు, వీధిలో ఉన్నవాటిని ఎక్కడికి పంపాలి అన్న ప్రశ్నల హోరులో, ఒక కుక్కపిల్ల ఎవరి చేతిలో, ఎలాంటి తల్లిదండ్రులకు, ఎందుకోసం పుడుతున్నదన్న మూలప్రశ్న వినిపించకుండా పోయింది. కరిచే కుక్క, భయపడే కుక్క, మూడేళ్లకే నడుము పడిపోయే కుక్క, చివరకు యజమాని రాత్రివేళ ఊరి చివర వదిలేసి వచ్చే కుక్క, వీటిలో చాలావాటి కథ ఆ ప్రశ్న దగ్గరే మొదలవుతుంది.

మేనరికం లెక్క

ఈనాడు మనం 'జాతి' అంటున్న భావన అంత ప్రాచీనమైనది కాదు. వేటకూ, కాపలాకూ, మందలు కాయడానికీ పనికివచ్చే కుక్కలను ఎంచి పెంచడం వేల ఏళ్లుగా ఉన్నదే గాని, రూపురేఖలను కొలతలతో నిర్వచించి, వంశావళిని పుస్తకంలో రాసి, ఆ పుస్తకంలో లేని కుక్కను వంశంలోకి రానివ్వకపోవడం 19వ శతాబ్దపు ఇంగ్లండులో స్థిరపడిన పద్ధతి. 1859లో న్యూకాజిల్‌లో కుక్కల ప్రదర్శన జరిగింది. 1873లో కెన్నెల్ క్లబ్ ఏర్పడింది. మన దేశంలో వంశావళి నమోదు ప్రధానంగా చెన్నై కేంద్రంగా ఉన్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా చేతిలో ఉంది. బజారులో 'కేసీఐ పేపర్లు' అనేది ఆ సంస్థ ఇచ్చే నమోదు పత్రాన్నే. ఆ పత్రం కుక్క ఎవరి సంతానమో చెబుతుంది. ఆరోగ్యంగా ఉంటుందని హామీ ఇవ్వదు. ఈ రెంటికీ ఉన్న తేడా తెలియక మోసపోయేవారే ఎక్కువ.

పుస్తకం మూసివేసిన వంశంలో కాలం గడిచేకొద్దీ అందరూ బంధువులే అవుతారు. దీని పర్యవసానం తెలుగువారికి విడమరచి చెప్పనక్కరలేదు, ఎందుకంటే మేనరికాల గురించి వైద్యులు తరతరాలుగా హెచ్చరిస్తున్నది ఇదే విషయం. ప్రతి ప్రాణికీ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటిగా ప్రతి జన్యువూ జతగా వస్తుంది. జతలో ఒకటి లోపభూయిష్టమైనా రెండవది మంచిదైతే అనేక రోగాలు బయటపడవు. ఇలా దాగి ఉండే లక్షణాన్ని అంతర్గత లక్షణం అంటారు. తల్లిదండ్రులు దగ్గరి బంధువులైనప్పుడు ఒకే పూర్వీకుని నుంచి వచ్చిన లోపభూయిష్ట జన్యువు రెండువైపుల నుంచీ పిల్లకు చేరే అవకాశం పెరుగుతుంది. ఆ అవకాశాన్ని శాతంగా చెప్పే కొలతే అంతఃప్రజనన గుణకం. మేనమామ, మేనకోడలు పెళ్లాడితే పుట్టే సంతానంలో అది 12.5 శాతం, మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లయితే 6.25 శాతం. ఒకే తల్లిదండ్రులకు పుట్టిన అన్నాచెల్లెళ్లనో, తండ్రీకూతుళ్లనో జతకట్టిస్తే అది 25 శాతానికి చేరుతుంది. మనుషుల్లో ఊహించడానికే ఇష్టపడని ఈ కలయికలను కుక్కల్లో 'లైన్ పట్టుకోవడం' పేరుతో కొందరు పెంపకందారులు గొప్పగా చెప్పుకుంటారు.

దీనికి తోడు 'ఛాంపియన్' మోజు ఒకటుంది. ప్రదర్శనలో బహుమతి పొందిన మగకుక్కతో 'క్రాసింగ్' కోసం దూరప్రాంతాల నుంచి ఆడకుక్కలను తీసుకువస్తారు. ప్రతిఫలంగా రొక్కమో, పుట్టినవాటిలో యజమాని ఎంచుకున్న పిల్లనో ఇస్తారు. ఒక్క మగకుక్క కొన్నేళ్లలో వందల పిల్లలకు తండ్రయితే, దాని మంచి రూపంతో పాటు దానిలో దాగిన లోపం కూడా ఆ ప్రాంతమంతటా పరచుకుంటుంది. రెండు మూడు తరాల తరువాత ఆ మనుమలూ మనుమరాళ్లూ జతకట్టినప్పుడు గాని అది బయటపడదు. అప్పటికి నివారణకు వేళ మించిపోతుంది.

బాధ్యతగల పెంపకందారు చేసే మొదటి పని అందుకే జత కుదర్చడానికి ముందు పరీక్షలు చేయించడం. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ వంటి పెద్ద జాతుల్లో తుంటి ఎముక గిన్నెలో సరిగా కూర్చోక కీలు అరిగిపోయే రుగ్మత, అంటే హిప్ డిస్‌ప్లేసియా, ఎక్స్‌రేలో తెలుస్తుంది. అమెరికాలో ఈ పరీక్షలకు పేరున్న ఆర్థోపెడిక్ ఫౌండేషన్ ఫర్ యానిమల్స్ 24 నెలలు నిండనిదే తుది ధ్రువీకరణ ఇవ్వదు. డాబర్‌మన్‌లలో గుండె కండరం బలహీనపడే జబ్బుకు గుండె స్కానింగూ, డాల్మేషియన్‌లలో పుట్టు చెవుడుకు వినికిడి పరీక్షా అవసరం. కొన్ని జన్యులోపాలను బుగ్గ లోపల దూదితో తీసిన నమూనా నుంచే పసిగట్టవచ్చు. కలయిక ద్వారా వ్యాపించి చూలు పోగొట్టే బ్రూసెల్లా సూక్ష్మజీవి కోసం ఆడ, మగ రెంటికీ రక్తపరీక్ష చేయించాలి. వీటికయ్యే ఖర్చు చివరకు పిల్ల ధరలో కలుస్తుంది. చౌకగా దొరికిన పిల్ల విషయంలో ఆ ఖర్చును తరువాత కొన్నవారు ఆసుపత్రిలో కడతారు.

తల్లి కడుపున ఉన్నప్పుడు

ఆడకుక్క సాధారణంగా ఆరేడు నెలలకొకసారి ఎదకు వస్తుంది. మొదటి ఎద చాలా జాతుల్లో ఏడాది లోపే వస్తుంది. అప్పటికి దాని ఎముకలే పూర్తిగా ఎదిగి ఉండవు. ఎదకు వచ్చిన ప్రతిసారీ జతకట్టించి, పాలు మాన్పించిన వెంటనే మళ్లీ చూలుకు సిద్ధం చేసే చోట్ల తల్లి అయిదారేళ్లకే డొక్కలెండి, పొదుగు వేలాడుతూ మిగులుతుంది. అలాంటి తల్లిని కొనుగోలుదారుల కంట పడనివ్వకపోవడంలో ఆశ్చర్యం లేదు.

> నియమాలు ఏమంటున్నాయి?
>
> జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం కింద 2017 మే నెలలో కుక్కల పెంపకం, అమ్మకాల నియమాలు వెలువడ్డాయి. వీటి ప్రకారం పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు చేసుకోవాలి. 18 నెలలు నిండని ఆడకుక్కను జతకట్టించరాదు. ఏడాదికి ఒకటికి మించి, జీవితకాలంలో అయిదుకు మించి ఈతలు ఉండరాదు. ఎనిమిదేళ్లు దాటాక అసలే కూడదు. దగ్గరి రక్తసంబంధం ఉన్నవాటిని కలపరాదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదు. మైక్రోచిప్, అంటే చర్మం కింద అమర్చే బియ్యపు గింజంత గుర్తింపు పరికరం, తప్పనిసరి. దుకాణాలకు 2018లో వేరే నియమాలు వచ్చాయి. అమ్మకానికి పిల్లలను పెంచడం కోసం విదేశాల నుంచి కుక్కలను దిగుమతి చేసుకోవడాన్ని 2016 ఏప్రిల్‌లో కేంద్రం నిషేధించింది.

నియమాల్లోని 18 నెలలు కనీస హద్దు మాత్రమే. తుంటి పరీక్ష తుది ఫలితం రెండేళ్లకు గాని తేలని జాతుల్లో అంతవరకు ఆగడమే వివేకం.

చూలు కాలం సుమారు 63 రోజులు. నాలుగో వారంలో స్కానింగ్‌తో చూలు నిర్ధారించవచ్చు. 55వ రోజు తరువాత ఎక్స్‌రే తీస్తే పిల్లల పుర్రెలు, వెన్నెముకలు లెక్కకు అందుతాయి గనుక ఈనేటప్పుడు ఇంకా లోపల ఏదైనా మిగిలిందేమోనన్న సందేహం ఉండదు. ఈ దశలో మన ఇళ్లలో సదుద్దేశంతో జరిగే పొరపాటు కాల్షియం మందు. చూలు కుక్కకు బలం కావాలని సీసాలకొద్దీ తాగిస్తారు. దాని వల్ల ఎముకల్లోని కాల్షియంను అవసరానికి రక్తంలోకి తెచ్చుకునే సహజ యంత్రాంగం మందగిస్తుంది. ఈనిన తరువాత పాలు పొంగే వేళ రక్తంలో కాల్షియం ఒక్కసారిగా పడిపోయి, తల్లి వణుకుతూ, కాళ్లు బిగుసుకుపోయి, రొప్పుతూ గంటల్లో ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. చిన్న జాతుల్లో ఎక్కువగా కనిపించే ఈ స్థితికి ఎక్లాంప్సియా అని పేరు. చూలు కుక్కకు కావలసింది మాంసకృత్తులున్న సమతుల ఆహారం. చివరి మూడు వారాల్లో దాని పరిమాణం క్రమంగా పెంచాలి. నిండుగా పాలిచ్చే రోజుల్లో, పిల్లల సంఖ్యను బట్టి, మామూలుకు రెండు నుంచి నాలుగు రెట్ల శక్తి అందాలి.

ఎనిమిది వారాల బడి

పుట్టిన కుక్కపిల్లకు కళ్లు కనిపించవు, చెవులు వినిపించవు, ఒళ్లు వెచ్చగా ఉంచుకునే శక్తీ ఉండదు. మొదటి వారం దాని పడక దగ్గర 30 డిగ్రీల సెల్సియస్‌కు అటూఇటూగా వేడి ఉండాలి. మొదటి రోజు తాగే ముర్రుపాలే పసితనంలో దానికి రోగనిరోధక కవచం. పది రోజులకు బరువు రెట్టింపు కావాలి గనుక మంచి పెంపకందారు ప్రతి పిల్లనూ రోజూ తూచి రాసుకుంటాడు. పేగుల్లోని నట్టలు తల్లి గర్భం నుంచే పిల్లకు సంక్రమిస్తాయి కాబట్టి రెండో వారం నుంచే నట్టల మందు మొదలుపెట్టి రెండు వారాలకొకసారి కొనసాగించాలి. ఈ నట్టలు మనుషుల్లోనూ, ముఖ్యంగా మట్టిలో ఆడుకునే పిల్లల్లోనూ జబ్బు కలిగించగలవన్న సంగతి చాలామందికి తెలియదు.

రెండో వారంలో కళ్లు విచ్చుకుంటాయి, మూడో వారానికి శబ్దాలు వినిపిస్తాయి. అక్కడి నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల వరకు సాగే కాలాన్ని సాంఘికీకరణ దశ అంటారు. లోకంలో ఏది మామూలు, ఏది భయపడదగినది అనే పట్టిక పిల్ల మెదడులో రాసుకునే కాలమది. అమెరికాలోని బార్ హార్బర్‌లో జాక్సన్ ప్రయోగశాల పరిశోధకులు జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అయిదు జాతుల కుక్కలను ఏళ్ల తరబడి పరిశీలించి 1965లో వెలువరించిన గ్రంథం ఈ అవగాహనకు పునాది. అదే ప్రయోగశాలలో జరిగి 1961లో 'సైన్స్' పత్రికలో అచ్చయిన మరో పరిశోధనలో, పద్నాలుగు వారాల వరకు మనిషి స్పర్శ లేకుండా పెరిగిన పిల్లలు ఆ తరువాత మనుషులను చూసి అడవి జంతువుల్లా బెదిరాయి.

ఈ దశ మొదటి సగం పెంపకందారు ఇంట్లో గడుస్తుంది. మిక్సీ చప్పుడు, కుక్కర్ కూత, తలుపు గంట, చిన్న పిల్లల అల్లరి, చీర కట్టిన ముసలమ్మ, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, ఇవన్నీ ఆ వారాల్లో ఎదురైన పిల్లకు నగర జీవితం కొత్త కాదు. మేడ మీద రేకుల షెడ్డులో బోనులో పెరిగిన పిల్లకు అవన్నీ శత్రువులే. తోబుట్టువులతో కుస్తీపట్టేటప్పుడు గట్టిగా కరిస్తే అవతలిది కీచుమని ఆట మానేస్తుంది, తల్లి గుర్రుమంటుంది; పంటి బలాన్ని అదుపులో ఉంచుకోవడం పిల్ల నేర్చుకునేది అలాగే. ముప్పై, నలభై రోజులకే విడదీసిన పిల్ల ఆ పాఠాన్ని కొత్త యజమాని చేతుల మీద నేర్చుకోవలసి వస్తుంది.

అయినా నెల పిల్లలకే గిరాకీ ఎక్కువ. ఎంత చిన్నప్పుడు తెస్తే అంత మచ్చికవుతుందని కొనేవారి నమ్మకం. పాలు మాన్పించే వారాల్లో తిండి, టీకాల ఖర్చు తప్పుతుందని అమ్మేవారి లెక్క. తల్లి పాల రక్షణ తగ్గిపోయి టీకా రక్షణ ఇంకా స్థిరపడని ఆ మధ్యకాలంలోనే పార్వో వైరస్ దాడి చేస్తుంది. రక్తవిరేచనాలు పట్టుకుని కొన్న వారంలోనే చనిపోయిన పిల్లల కథలు ఏ పశువైద్యుణ్ని కదిపినా వినిపిస్తాయి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలయ్యే టీకాలు మూడు నాలుగు వారాల ఎడంతో పదహారు వారాలు వచ్చేదాకా కొనసాగాలి. రేబిస్ టీకా సాధారణంగా మూడో నెలలో వేస్తారు. టీకాలు పూర్తయ్యేదాకా పిల్లను గడప దాటించకపోతే సాంఘికీకరణ గడువు దాటిపోతుంది, నేల మీద వదిలితే పార్వో భయం. ఎత్తుకుని వీధి, సంత, బస్సులు చూపించి తేవడమే మధ్యేమార్గం.

> ఇంగ్లండులో లూసీ చట్టం
>
> 2013లో వేల్స్‌లోని ఒక కుక్కపిల్లల ఉత్పత్తి కేంద్రం నుంచి కాపాడిన కావలియర్ జాతి ఆడకుక్క లూసీ. వరుస ఈతలతో దాని వెన్ను, తుంటి దెబ్బతిన్నాయి. దాని పేరుతో సాగిన ఉద్యమం ఫలితంగా 2020 ఏప్రిల్ నుంచి ఇంగ్లండులో ఆరు నెలల లోపు కుక్కపిల్లలను, పిల్లిపిల్లలను మధ్యవర్తులు అమ్మడం నిషిద్ధమైంది. కొనేవారు పెంపకందారు దగ్గరకే వెళ్లాలి, లేదా సంరక్షణ కేంద్రం నుంచి దత్తత తీసుకోవాలి. పుట్టిన చోటనే, తల్లితో కలిసి ఉండగానే పిల్లను చూపించాలి.

ముద్దు ముఖం, మూసుకున్న ముక్కు

2003లో హచ్ మొబైల్ సంస్థ ప్రకటనలో ఒక బాలుడి వెంట ఎక్కడికైనా నడిచే పగ్ కుక్క దేశాన్ని ఆకట్టుకుంది. ఆ తరువాత పగ్ పిల్లల కోసం జనం ఎగబడ్డారు. గిరాకీ ఒక్కసారిగా పెరిగినప్పుడు తల్లుల సంఖ్య అంత త్వరగా పెరగదు, ఉన్న తల్లులే ఎక్కువసార్లు ఈనుతాయి.

పగ్, బుల్‌డాగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ వంటి చప్పిడి ముక్కు జాతుల్లో పుర్రె కురచైనా లోపలి మెత్తని కండ మాత్రం కురచ కాలేదు. అది శ్వాసమార్గానికి అడ్డుపడి గురక, ఆయాసం, స్పృహ తప్పడం వంటి ఇబ్బందులు తెస్తుంది. కుక్క తన ఒంటి వేడిని ప్రధానంగా రొప్పడం ద్వారానే వదిలించుకుంటుంది. గాలే సరిగా ఆడని ముక్కుతో రామగుండంలోనో రెంటచింతలలోనో 45 డిగ్రీల ఎండాకాలాన్ని ఎదుర్కోవడమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. బ్రిటన్‌లో 2010లో అచ్చయిన ఒక అధ్యయనంలో బుల్‌డాగ్ కాన్పులలో 80 శాతానికి పైగా శస్త్రచికిత్స ద్వారానే జరిగినట్టు తేలింది. తల పెద్దది, కటి ఇరుకు కావాలని మనిషే ఎంచి పెంచిన ఫలితమిది. నెదర్లాండ్స్ 2019 నుంచి మరీ కురచ మూతి ఉన్న కుక్కలను జతకట్టించడంపై ఆంక్షలు అమలు చేస్తున్నది. నార్వేలో కావలియర్ జాతి పెంపకం చట్టవిరుద్ధమని 2023లో సుప్రీంకోర్టే తేల్చింది. మన దగ్గర ఇంకా మూతి ఎంత నొక్కుకుపోతే అంత ధర పలుకుతున్నది. ఏసీ గదికే పరిమితమైన హస్కీల సంగతి వేరే వ్యాసమంత ఉంది.

కొల్లేటి జోనంగి

విదేశీ జాతుల ఊసే వద్దు, దేశీయ జాతులు పెంచుకుంటే సమస్య ఉండదనే వాదన ఒకటుంది. అందులో సగమే నిజం. 2005లో తపాలా శాఖ ముధోల్, రాజపాళయం, రాంపూర్ వేటకుక్కల మీద, హిమాలయ గొర్రెల కాపరి కుక్క మీద బిళ్లలు విడుదల చేసింది. 2020లో ప్రధాని ఆకాశవాణి ప్రసంగంలో దేశవాళీ కుక్కలను ప్రస్తావించాక వాటికి గిరాకీ పెరిగింది. కర్ణాటకలోని ముధోల్ సమీపాన తిమ్మాపూర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయం 2009 నుంచి ముధోల్ జాతి పరిశోధన కేంద్రాన్ని నడుపుతున్నది. ఒక వ్యవస్థ వెనుక నిలబడితే జాతి ఎలా నిలుస్తుందో చెప్పడానికి అది చాలు. అయితే దేశీయమైనంత మాత్రాన జన్యుసూత్రాలు మారవు. పాలరాతి తెలుపు కోసం, గులాబీ ముక్కు కోసం ఎంచిన రాజపాళయం కుక్కల్లో పుట్టు చెవుడు కనిపించడం ఇందుకు సాక్ష్యం.

తెలుగు నేలకూ సొంత జాతి ఒకటి ఉంది. కొల్లేరు పరిసరాల్లోనూ, కృష్ణా గోదావరి తీర ప్రాంతాల్లోనూ ఉండే జోనంగి జాగిలం ఒంటిని అంటిపెట్టుకున్న అతి పొట్టి వెంట్రుకలతో, నొసటి ముడతలతో, మామూలు మొరుగుడుకు భిన్నమైన వింత కూతతో ప్రత్యేకంగా ఉంటుంది. నేలలో గుంత తవ్వుకుని అందులో పడుకోవడం దాని అలవాటు. బాతుల మందలను కాయడంలో అది పెంపకందార్లకు చేదోడు. కొల్లేటిలో చేపల చెరువులు విస్తరించి బాతుల పెంపకం వెనకబడ్డాక దానికి పని లేకుండా పోయింది, పనితో పాటు ఆదరణా పోయింది. ఇప్పుడు కొందరు ఔత్సాహికులు దానిని వెతికి పెంచుతున్నారు. మిగిలినవి కొన్నే అయినప్పుడు అన్నాచెల్లెళ్లను కలిపే ప్రలోభం ఎక్కువ. ఏ ఊరి కుక్కకు ఏ ఊరి కుక్క చుట్టమో రాసిపెట్టే పుస్తకం ఒకటి మొదలు కాకపోతే, కాపాడాలన్న ప్రేమే ఆ జాతికి చేటు తేవచ్చు. ముధోల్‌కు దొరికిన విశ్వవిద్యాలయం అండ జోనంగికి ఎందుకు దొరకకూడదన్నది తెలుగు రాష్ట్రాల పశువైద్య విద్యాసంస్థలు ఆలోచించవలసిన విషయం.

ఇంటికి వచ్చాక

తెలుగింటి కుక్కకు పెరుగన్నం పెట్టడం ఆనవాయితీ. ఎదిగిన కుక్క దానితో ఎలాగో నెట్టుకొస్తుంది గాని, ఎదిగే పిల్లకు అందులో మాంసకృత్తులు చాలవు. గుడ్డు, చికెన్ లేదా నాణ్యమైన పప్పీ ఫుడ్ తోడు కావాలి. లాబ్రడార్, గ్రేట్ డేన్ వంటి పెద్ద జాతి పిల్లలకు దీనికి విరుద్ధమైన ప్రమాదం ఉంది: బొద్దుగా ఉండాలని అతిగా మేపి, పైన కాల్షియం పొడి చల్లితే ఎముకలు వంకర తిరుగుతాయి. నున్నటి టైల్స్ నేల మీద జారుతూ పరుగెత్తడం లేత తుంటికి మంచిది కాదు, చవకైన గోనె పట్టా పరిస్తే సరిపోతుంది.

ఇక పెంపకందారు దగ్గరకు వెళ్లినప్పుడు అడగవలసినవి ఎక్కువేమీ లేవు: తల్లిని చూపించగలరా, ఇది దానికి ఎన్నో ఈత, తల్లిదండ్రుల పరీక్షల కాగితాలు ఏవి, పెంచుకోలేకపోతే కుక్కను తిరిగి తీసుకుంటారా. పిల్లను చూసి మురిసేముందు తల్లి కొత్తవారిని చూసి తోక ఊపుతున్నదా, మూలకు ఒదుగుతున్నదా గమనించాలి. బెదురు స్వభావం కొంత నెత్తుటిలో, కొంత తల్లిని చూసి పిల్లకు అబ్బుతుంది. సరైన పెంపకందారయితే కొనేవారినీ ఎదురు ప్రశ్నిస్తాడు. పగలు ఇంట్లో ఎవరుంటారు, అద్దె ఇల్లయితే యజమాని ఒప్పుకున్నాడా, పండుగకు ఊరెళితే ఎవరు చూస్తారు అని అడుగుతాడు. ఈ ప్రశ్నలకు నొచ్చుకుని వేరే చోట కొనేవారు ఉంటారు. పిల్లకు అది మేలే.

అటువంటి పెంపకందారు ఈ రోజుల్లో తెలుగు కుటుంబాలను తప్పక అడగవలసింది మరొకటుంది: రెండు మూడేళ్లలో అమెరికా వెళ్లే ఆలోచన ఉందా? కొడుకో కూతురో ముచ్చటపడి తెచ్చిన కుక్క, వారు వీసా రాగానే విమానమెక్కితే, మోకాళ్ల నొప్పులతో ఉన్న తల్లిదండ్రుల చేతిలో మిగిలిపోవడం హైదరాబాదు, విజయవాడ అపార్ట్‌మెంట్లలో మామూలైపోయింది. వెంట తీసుకువెళ్లడం అసాధ్యం కాదు గాని, 2024 ఆగస్టు నుంచి ఆ దేశపు నిబంధనలు కఠినమయ్యాయి. రేబిస్ ముప్పు ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో భారతదేశం ఉన్నందున, ఇక్కడ టీకా వేయించుకున్న కుక్కకు ఆరు నెలలు నిండి ఉండాలి, నిర్ణీత పత్రాలు ఉండాలి, మైక్రోచిప్ ఉండాలి. ఆ చిప్‌ను రేబిస్ టీకా కంటే ముందే అమర్చి ఉండాలి. టీకా తరువాత అమర్చితే ఆ టీకా లెక్కలోకి రాదు, మళ్లీ వేయించవలసిందే.